గేటు వద్ద సోదా, గోడౌనులో తరుగు

(మా వాణిజ్య విలేఖరి)

తొండుపల్లి: ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈశ్వరుని వల్ల కాని పనిని గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడిన కాపలాదారుకు అప్పగించి మన వర్తకులు నిశ్చింతగా ఉంటున్నారు. సంవత్సరాంతంలో నిల్వలు లెక్క చూచుకునే రోజున మాత్రం ఆ నిశ్చింత చెదిరిపోతున్నది. పుస్తకంలో ఉన్న బస్తాలు గోడౌనులో ఉండవు. గోడౌనులో ఉన్న బస్తాలు కాటా మీద పెడితే తూకానికి రావు. తాళం పగలలేదు, గోడకు కన్నం లేదు. సరుకు మాత్రం లేదు.

శంషాబాదు మండలంలో బెంగుళూరు జాతీయ రహదారి, అవుటర్ రింగ్ రోడ్డు కలిసే ప్రాంతంలోనిది తొండుపల్లి. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడిన ఈ చుట్టుపక్కల భూములు 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత రూపు మార్చుకున్నాయి. శంషాబాదు, పాలమాకుల, కొత్తూరు మార్గమంతా ఇప్పుడు రేకుల షెడ్లే. 2017లో అమెజాన్ సంస్థ శంషాబాదు ప్రాంతంలో 4 లక్షల చదరపు అడుగుల గిడ్డంగిని తెరిచింది. అంతటి పెద్ద సంస్థల పక్కనే పప్పులు, మిర్చి, నూనెలు, సిమెంటు, మందులు, ఎలక్ట్రికల్ సామాను నిల్వచేసే వర్తకులూ ఉన్నారు.

పాతకాలంలో బేగంబజారు వర్తకుని దుకాణం ముందు, గోడౌను వెనుక. గద్దె మీద కూర్చున్న సేటు కళ్లెదుటే బస్తా కదిలేది. ఇప్పుడు యజమాని నగరంలో, సరుకు ఊరి బయట. మధ్యలో ఉన్నవి గుమాస్తా మాట, గేటు పాసు, ఫోనులో కనిపించే కెమెరా బొమ్మ. ఈ మూడింటిలో ఏది నమ్మదగినది, ఏది కాదన్నదే నేటి ప్రశ్న.

దొంగతనం జరిగే తీరు

పనివాడు దొంగతనం చేశాడనగానే మనకు తోచేది సంచిలోనో, టిఫిను డబ్బాలోనో సరుకు దాచుకుపోయిన మనిషి. గేటు దగ్గర సోదాలన్నీ ఆ మనిషి కోసమే. నిజానికి అట్లా పోయే సరుకు చిల్లర సరుకు. సెల్‌ఫోను, మందుల పెట్టె, బంగారం వంటి చిన్న పరిమాణంలో పెద్ద ధర పలికే వస్తువుల విషయంలో సోదా తప్పనిసరి. కాని 50 కిలోల కందిపప్పు బస్తాను ఎవరూ లాల్చీ కింద పెట్టుకుపోలేరు. బస్తా పోయే దారి వేరు. అది గేటులోంచే, లారీ మీదనే, రసీదుతోనే పోతుంది.

వర్తకంలో ఉన్నవారికి ఈ దారులు కొత్తవి కావు. మొదటిది కాటా దారి. ఖాళీ లారీ తూచేటప్పుడు డ్రైవరు, క్లీనరు కిందికి దిగుతారు. సరుకు ఎక్కించి తూచేటప్పుడు ఇద్దరూ ఎక్కి కూర్చుంటారు. సరుకు దించుకునేవానికి ఆ మేరకు తూకం తక్కువ వస్తుంది. రెండవది గేటు పాసు దారి. 200 బస్తాలకు పాసు రాస్తారు, 205 ఎక్కుతాయి. ఎక్కించేవాడు, లెక్కపెట్టేవాడు, తోలుకుపోయేవాడు ముగ్గురూ ఒకటైతే తప్ప ఇది సాగదు. ముగ్గురూ ఒకటైనప్పుడు కెమెరా కూడా ఏమీ చేయలేదు. ఎందుకంటే బస్తాలు లారీ ఎక్కడం అది రోజూ చూచే దృశ్యమే.

మూడవది దొంతర దారి. పైనుంచి చూస్తే వరుసలన్నీ నిండుగా ఉంటాయి, లోపల గుల్ల. నాల్గవది తరుగు పేరిట జరిగేది. ఎండుమిర్చి ఆరుతుంది, ధాన్యం తేమ పోతుంది, బస్తా కుట్టు జారి నేల రాలుతుంది. ఇది సహజం. సహజమైన ఆ తరుగు ముసుగులోనే అసహజమైన తరుగు దాక్కుంటుంది. ఊడ్పు సరుకు, సాంపిలు సరుకు, ఖాళీ గోనెసంచులు ఎవరి లెక్కలోనూ ఉండవు గనుక అవి ఎవరివో చెప్పనక్కరలేదు. పార్సిలు వ్యాపారంలో అయిదవ దారి ఒకటి ఉన్నది. తిరిగి వచ్చిన వస్తువు స్థానంలో పాతది పెట్టడం, లేదా పెట్టె అలాగే ఉంచి లోపలి సామాను తీసివేయడం.

చిటికెడు లెక్క

ఒక్కొక్క బస్తాకు 200 గ్రాములు తగ్గితే ఎవరూ గమనించరు. 10 వేల బస్తాలు చేతులు మారిన గోడౌనులో ఆ 200 గ్రాములే 20 క్వింటాళ్లు. క్వింటాలు 7 వేల రూపాయల సరుకనుకుంటే లక్షా 40 వేల రూపాయలు. నూటికి రెండు రూపాయలు నికరంగా మిగిలే వర్తకుడు ఆ లక్షా 40 వేలు తిరిగి సంపాదించాలంటే 70 లక్షల రూపాయల సరుకు అమ్మాలి. బజారులో పావలా ధర కోసం గంటసేపు బేరమాడే మన వర్తకులు ఈ లెక్క వేసుకోకపోవడం విచిత్రం.

నష్టం అంతటితో ఆగదు. కేంద్ర జి.ఎస్.టి. చట్టం 17వ సెక్షను 5వ ఉపసెక్షను ప్రకారం పోయిన, దొంగిలింపబడిన, నాశనమైన సరుకుపై కొనుగోలు సమయంలో చెల్లించిన పన్నుకు క్రెడిట్ వర్తించదు. అంటే ఎండుమిర్చి వంటి 5 శాతం పన్ను సరుకు 10 లక్షల రూపాయలది దొంగలపాలైతే, వాడుకున్న 50 వేల రూపాయల క్రెడిట్ కూడా వెనక్కు కట్టాలి. సరుకు పోయింది దొంగకు, పన్ను పోయింది ఖజానాకు. నిల్వ పుస్తకంలో పోయిన సరుకు వివరం రాసి ఉంచవలసిన బాధ్యత కూడా వర్తకునిదే. తరుగు రాసుకుని ఊరుకునే అలవాటు ఉన్నవారు ఈ నిబంధన ఒకసారి తమ ఆడిటరుతో మాట్లాడుకోవడం మంచిది.

ఆదాయపు పన్ను విషయంలో మాత్రం కొంత ఊరట ఉన్నది. ఏజెంటు చేసిన స్వాహా వ్యాపారంలో భాగంగా వచ్చిన నష్టమే గనుక లాభాల లెక్కలో తగ్గించుకోవచ్చునని బద్రీదాస్ డాగా కేసులో సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. ఉద్యోగి స్వాహా చేసిన సొమ్మును ఆ సంగతి బయటపడిన సంవత్సరపు నష్టంగా అంగీకరించాలని 1965లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరు పంపింది. దొంగతనానికి గురైన నగదు కూడా వ్యాపార నష్టమేనన్న వాదన మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాంచందర్ శివనారాయణ్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లి నెగ్గింది. అయితే నష్టాన్ని రుజువు చేసుకోవాలి. పోలీసు ఫిర్యాదు లేకుండా, నిల్వ లెక్క లేకుండా గుమాస్తా తినేశాడని నోటితో చెబితే ఏ అధికారీ ఒప్పుకోడు.

పాలసీ ఉన్నది, పరిహారం లేదు

చాలామంది వర్తకులు గోడౌనుకు దోపిడీ బీమా చేయించుకుని ధైర్యంగా ఉంటారు. ఆ పాలసీ పత్రాన్ని వెనుకకు తిప్పి చదివినవారు తక్కువ. సాధారణంగా ఈ పాలసీ బలవంతంగా తాళమో, గోడో పగలగొట్టి జరిగిన దొంగతనానికే వర్తిస్తుంది. యజమాని దగ్గర పనిచేసేవారి ప్రమేయం ఉన్న దొంగతనాన్ని మినహాయిస్తారు. ఇంటిదొంగ చేసిన పనికి పరిహారం కావాలంటే ఫిడిలిటీ గ్యారంటీ పాలసీ వేరుగా తీసుకోవాలి. ఉద్యోగుల పేర్లు, హోదాలు, ఒక్కొక్కరిపై ఎంత మొత్తానికి హామీ అన్నది అందులో రాస్తారు. నష్టం బయటపడవలసిన గడువు కూడా ఉంటుంది. మామూలుగా ఆ ఉద్యోగి పని మానిన తరువాత 12 నెలలు. అంతకు మించి ఆలస్యంగా నిద్రలేచే వర్తకునికి ఆ పాలసీ కూడా అక్కరకు రాదు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు అన్న సామెత పుట్టింది ఇటువంటి సందర్భం కోసమే.

చట్టం చేతిలోకి తీసుకుంటే

పనివాడు సరుకుతో పట్టుబడితే యజమానికి కోపం రావడం సహజం. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, తెల్లకాగితంపై సంతకం చేయించుకోవడం, జీతం ఆపివేయడం అక్కడక్కడ జరుగుతూనే ఉంటాయి. ఈ నాలుగూ యజమాని కేసును చెడగొట్టే పనులే.

2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 381వ సెక్షను కింద ఉన్న గుమాస్తా లేక పనివాని దొంగతనం ఇప్పుడు 306వ సెక్షను. పాత 408 కింద ఉన్న నమ్మకద్రోహం ఇప్పుడు 316వ సెక్షను 4వ ఉపసెక్షను. రెండింటికీ ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. రవాణాదారు, గిడ్డంగిదారు చేసే నమ్మకద్రోహానికీ అంతే శిక్ష. ఇక అడ్తీదారులు, బ్రోకర్లు గమనించవలసింది 317వ సెక్షను. దొంగసరుకని తెలిసి గాని, అట్లా అనుకోవడానికి తగిన కారణం ఉండి గాని కొన్నవానికి మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చును. బజారు ధరకంటే బాగా తక్కువకు, బిల్లు లేకుండా, చీకటిపడిన తరువాత వచ్చిన సరుకు విషయంలో నాకు తెలియదని చెప్పడం కష్టం.

గేటు కాపలాదారు పోలీసు కాడు. తన కళ్ల ముందు బెయిలు లేని, పోలీసులు నేరుగా పట్టుకోదగిన నేరం జరిగితే ఏ పౌరుడైనా నేరస్తుణ్ణి పట్టుకోవచ్చును. కాని పట్టుకున్న ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగించాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను నిర్దేశించింది. రాత్రంతా గోడౌనులో కూర్చోబెట్టి తెల్లవారి పంచాయతీ చేసే యజమాని అక్రమ నిర్బంధం కేసులో తానే ముద్దాయి అయ్యే ప్రమాదం ఉన్నది.

జీతంలో కోత సంగతీ అంతే. ప్రత్యేకించి అప్పగించిన సరుకు ఆ మనిషి నిర్లక్ష్యం వల్లనో, తప్పు వల్లనో పోయినప్పుడు మాత్రమే, అతని జవాబు విన్న తరువాత మాత్రమే, పోయిన విలువకు మించకుండా కోయవచ్చునన్నది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచి వస్తున్న సూత్రం. గోడౌనులో తరుగు వచ్చిందని హమాలీలందరి కూలిలోనూ తలా ఇంత పట్టుకోవడం తిలాపాపం తలా పిడికెడు పంచడమే గాని చట్టం కాదు.

అట్లని ఉద్యోగిని తీసివేయడానికి క్రిమినల్ కోర్టు తీర్పు వచ్చేవరకు ఆగనక్కరలేదు. అభియోగపత్రం ఇచ్చి, జవాబు తీసుకుని, విచారణ జరిపి చర్య తీసుకోవచ్చును. శాఖాపరమైన విచారణకు క్రిమినల్ కోర్టులోని కఠినమైన సాక్ష్య నియమాలు వర్తించవని 1977లో హర్యానా బస్సు కండక్టరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కర్ణాటక కండక్టరు కేసులో పోయిన మొత్తం చిన్నదా పెద్దదా అన్నది కాదు, నమ్మకం పోయిందా లేదా అన్నదే ముఖ్యమని చెప్పింది. విచారణ సక్రమంగా జరిపిన యజమానికి కోర్టుల అండ ఉన్నది. విచారణే జరపని యజమానికి లేదు.

సోదాకు పట్టే సమయం ఎవరిది

గేటు దగ్గర సోదా చేసే హక్కు యజమానికి ఉన్నదా అని అడిగేవారున్నారు. ఉన్నది, కాని ముందుగా రాసి ఉంచాలి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం అనుబంధంలోనే నిర్ణీత ద్వారాల గుండా ప్రవేశం, సోదాకు బద్ధులై ఉండటం ఒక అంశంగా ఉన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 300 మంది, ఆపైన పనివారు ఉన్న సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి చేసింది. ఇరవైమందితో నడిచే గోడౌనుకు ఆ నిర్బంధం లేకపోవచ్చు. అయినా నియామకపత్రంలో ఒక్క వాక్యం రాసి సంతకం తీసుకోవడానికి ఖర్చేమీ లేదు. స్త్రీలను స్త్రీలే, మరుగులో సోదా చేయాలన్నది పోలీసులకే చట్టం పెట్టిన నియమం. ప్రైవేటు కాపలాదారులకు అంతకంటే ఎక్కువ స్వేచ్ఛ ఎక్కడిది?

హక్కు సంగతి తేలినా మరొక ప్రశ్న మిగులుతుంది. షిఫ్టు ముగిసిన తరువాత సోదా వరుసలో నిలబడిన సమయం ఎవరి ఖాతాలోకి పోవాలి? అమెరికాలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నెవాడా రాష్ట్రంలో అమెజాన్ గిడ్డంగులకు మనుషులను సరఫరా చేసిన సంస్థపై కార్మికులు దావా వేశారు. రోజూ పని ముగిశాక సోదా కోసం సుమారు 25 నిమిషాలు నిలబడవలసి వస్తున్నదని, ఆ సమయానికి కూలి ఇవ్వాలని వారి వాదన. సోదా వారు చేయడానికి కుదిరిన పనిలో అంతర్భాగం కాదని, కూలి ఇవ్వనక్కరలేదని 2014 డిసెంబరులో ఆ కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అక్కడితో కథ ముగియలేదు. ఆపిల్ దుకాణాల ఉద్యోగుల సంచుల సోదా విషయంలో కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో ఆ సమయానికి కూలి ఇవ్వవలసిందేనన్నది. 2021లో పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా తమ రాష్ట్ర చట్టం ప్రకారం సోదా సమయం పని సమయమేనని చెప్పింది.

మన వర్తకుడు ఈ తీర్పులను పక్కన పెట్టినా లెక్కను పక్కన పెట్టరాదు. 100 మంది పనివారు రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసలో నిలబడితే 25 గంటలు. ఎనిమిది గంటల దినం చొప్పున ముగ్గురు మనుషుల రోజు కూలి. ఆ బస్సు తప్పిపోయిన మనిషి మరునాడు ఆలస్యంగా వస్తాడు, లేదా పక్క గోడౌనుకు పోతాడు. తొండుపల్లి చుట్టుపక్కల ఇప్పుడు పక్క గోడౌను ఎప్పుడూ ఉంటుంది. సోదాకు రెండవ మనిషిని పెట్టడం దీనికంటే చవక.

పనివారి మనసు సంగతి ఎంత పెద్దదో తెలియడానికి కోలారు బంగారు గనుల చరిత్ర చాలు. చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్లిన తెలుగువారు కూడా పనిచేసిన ఆ గనుల్లో 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకునే పద్ధతి ప్రవేశపెట్టగా వారు సమ్మెకు దిగారు. నేరస్తులకు వేయించే ముద్ర తమతో వేయిస్తున్నారన్నది వారి బాధ. ఈనాడు హాజరుకే వేలిముద్ర వేస్తున్నాము, ఎవరూ పట్టించుకోవడం లేదు. కాని తనను దొంగగా చూస్తున్నారని మనిషికి తోచినప్పుడు కలిగే బాధ మారలేదు.

ఒక పాత అనుభవం

బి.కాం. చదివే రోజుల్లో ఈ విలేఖరి సాయంకాలాలు ఒక కమీషను దుకాణంలో చిట్టా, ఖాతా రాసేవాడు. ఒక ఏడాది కందిపప్పు లెక్కలో 11 బస్తాలు తరుగు వచ్చింది. అనుమానం ఒక ముసలి హమాలీ మీదికి పోయింది. కారణం ఏమంటే అతను అందరికంటే ఆలస్యంగా వెళ్లేవాడు. రోజూ అందరి ఎదుట అతని తువ్వాలు విప్పించి, అన్నం గిన్నె తెరిపించి చూచేవారు. 11 బస్తాలు అన్నం గిన్నెలో ఎట్లా పోతాయని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రెండు వారాల తరువాత అతను పని మానివేశాడు.

సంవత్సరాంతపు లెక్కలకు గేటు పాసుల పుస్తకం ముందు వేసుకుని కార్బను ప్రతులు వరుసగా తిప్పుతుండగా ఒక నెంబరు కనిపించలేదు. చింపిన గుర్తు కూడా లేకుండా తీసేశారు. ఆ నెంబరుకు ముందు, వెనుక ఉన్న పాసులు రాసింది దుకాణంలో పదిహేనేళ్లుగా ఉంటున్న నమ్మకస్తుడు. అతణ్ణి ఒక్క రోజు కూడా ఎవరూ సోదా చేయలేదు. అతను చిన్న సంచి కూడా చేతబట్టి వెళ్లేవాడు కాదు. సేటు గారు గొడవ బయటికి రానివ్వకుండా అతణ్ణి పంపించివేశారు. హమాలీని తిరిగి పిలిపించమని ఎవరో అంటే, ఇప్పుడెందుకులే అన్నారు. ఆ దుకాణం పేరు ఇక్కడ అక్కరలేదు. అటువంటి దుకాణాలు ప్రతి గంజిలోనూ ఉన్నాయి.

సోదా ఎవరికి లేదో చూడాలి

పెద్ద సంస్థల అనుభవమూ దీనికి భిన్నంగా లేదు. 2018 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని దేవాస్ నోట్ల ముద్రణాలయంలో ఒక అధికారి నోట్లు బూట్లలో దాచుకుని పోతూ సి.ఐ.ఎస్.ఎఫ్. వారికి పట్టుబడ్డాడు. అతని దగ్గర, ఇంటిలో కలిపి సుమారు 90 లక్షల రూపాయలు దొరికాయి. దేశంలో అంతకంటే గట్టి కాపలా ఉండే చోట్లు కొన్నే. తప్పు ముద్రణ అయిన నోట్లను పరిశీలించి పక్కకు తీసే విభాగంలోనే అతని ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే ఊడ్పు సరుకు లెక్క అతని చేతిలో ఉన్నది.

తిరుమల పరకామణి సంగతి తెలుగువారందరికీ తెలిసినదే. హుండీ కానుకలు లెక్కించేవారు జేబులు లేని పంచెతో లోపలికి పోవాలి, బయటికి వచ్చేటప్పుడు సోదా ఉంటుంది, కెమెరాలు ఉంటాయి. అయినా 2023 ఏప్రిల్ 29న విదేశీ నోట్లు తీశాడన్న ఆరోపణపై ఒక మఠం తరఫు గుమాస్తా పట్టుబడ్డాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. అతని కుటుంబం దేవస్థానానికి ఆస్తులు రాసి ఇచ్చింది. ఆ రాజీ ఎట్లా జరిగిందన్న ప్రశ్న 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చి, సి.ఐ.డి. దర్యాప్తుకు దారితీసింది. నేరం ఎవరు ఎంత చేశారన్నది కోర్టులు తేల్చవలసిన విషయం. వర్తకులు గ్రహించవలసింది వేరు. పట్టుకున్న తరువాత తలుపులు మూసి రాజీపడితే ఆ వ్యవహారం ముగియదు, అనుమానాలు వడ్డీతో సహా పెరుగుతాయి.

మూడవ ఉదాహరణ సరుకుల బజారుదే. 2013 జూలై 31న నేషనల్ స్పాట్ ఎక్స్చేంజి చెల్లింపులు నిలిపివేసినప్పుడు సుమారు 5,600 కోట్ల రూపాయల బాకీ బయటపడింది. గిడ్డంగుల్లో ఉన్నదని రసీదులు రాసిన సరుకు అనేకచోట్ల లేదు. అక్కడ ఏ హమాలీ తువ్వాలు విప్పి చూచినా ఏమి దొరికేది? కాగితం మీద సరుకు పుట్టించింది కూలీలు కాదు. గిడ్డంగి తలుపు తెరిచి బస్తాలు లెక్కపెట్టే మనిషి సకాలంలో వెళ్లి ఉంటే వేలాది మంది సొమ్ము నిలిచేది.

చేయదగిన పనులు

ఈ వ్యవహారాల్లో పెద్ద ఖర్చు లేకుండా వర్తకులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకటి, సరుకు ఎక్కించేవాడు, లెక్క రాసేవాడు, గేటు దగ్గర పాసు తీసుకునేవాడు ముగ్గురూ వేర్వేరు మనుషులు కావాలి. ముగ్గురికీ జీతం ఒకే మేస్త్రీ ద్వారా ఇవ్వరాదు. రెండు, గేటు పాసులు ముద్రించిన వరుస నెంబర్లతో ఉండాలి. రద్దయిన పాసు కూడా పుస్తకంలోనే అంటిపెట్టుకుని ఉండాలి. కంప్యూటరులో రాసేవారు ఎంట్రీ తుడిచివేసే అధికారం ఎవరి దగ్గర ఉన్నదో చూచుకోవాలి. మూడు, లారీ ఖాళీగా ఉన్నప్పుడూ, నిండుగా ఉన్నప్పుడూ డ్రైవరు, క్లీనరు దిగిన తరువాతనే కాటా వేయాలి. కాటాకు తూనికల శాఖ ముద్ర గడువు దాటకుండా చూచుకోవాలి.

నాలుగు, ఏడాదికొకసారి కాక నెలకొకసారి, చెప్పకుండా, రెండు మూడు రకాలు మాత్రమే ఎంచుకుని బస్తాలు లెక్కపెట్టాలి. నెలలో ఒక దొంతర అడుగుదాకా విప్పించాలి. అయిదు, సరుకు రకాన్ని బట్టి సహజమైన తరుగు ఎంతో రాసి ఉంచాలి. అంతకు మించినది నష్టం కాదు, ప్రశ్న. ఊడ్పు సరుకు, ఖాళీ సంచులు కూడా తూచి ఖాతాలో రాయాలి. ఆరు, గుమాస్తాకు ఏడాదిలో కనీసం పది రోజులు తప్పనిసరిగా సెలవు ఇచ్చి ఆ రోజుల్లో మరొకరిచేత పుస్తకాలు రాయించాలి. సెలవే పెట్టని గుమాస్తాను చూచి మురిసిపోయే యజమానులు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఏడు, కాపలా సంస్థకు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉన్నదా అని అడగాలి. ఆ చట్టం కింద 2006లో వచ్చిన నమూనా నిబంధనలు కాపలాదారుకు 160 గంటల శిక్షణ చెప్పాయి. నిన్న ఊరినుంచి వచ్చినవాణ్ణి నేడు యూనిఫారం తొడిగి నిలబెడితే వాడు కాపలా కాయడు, ఉత్త కుర్చీ కాస్తాడు. పన్నెండు గంటలు నిలబెట్టి తక్కువ జీతం ఇచ్చి తాళాలన్నీ వానికే ఇవ్వడం దొంగకు తాళం చెవి ఇచ్చినట్లు కాకపోయినా, మంచివాణ్ణి పరీక్షకు పెట్టినట్లే.

ఎనిమిదవది అన్నింటికంటే ముఖ్యమైనది. సోదా అందరికీ ఒకటే కావాలి. విమానాశ్రయంలో పాసు ఉన్న ఉద్యోగి కూడా ప్రవేశించిన ప్రతిసారీ తనిఖీకి నిలబడవలసిందే. అక్కడ దానిని ఎవరూ అవమానంగా తీసుకోరు, ఎందుకంటే తనకు ముందు నిలబడినవాడు పెద్ద అధికారి కావచ్చు. గోడౌనులోనూ మేనేజరు సంచి, గుమాస్తా సంచి, సేటు గారి మేనల్లుని కారు డిక్కీ తెరిచి చూచిన రోజున హమాలీ తన తువ్వాలు తానే విప్పి చూపుతాడు. అందరినీ చూచేది పద్ధతి. ఒక్కణ్ణి చూచేది అనుమానం.

సాయంత్రం ఆరు గంటలకు తొండుపల్లి దగ్గర షిఫ్టు మారే వేళ ఒక గోడౌను గేటు ముందు నిలబడి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. నడిచివెళ్లే తలుపు దగ్గర ముప్పై మంది సంచులు తెరిచి వరుసలో నిలబడి ఉంటారు. పక్కనే పెద్ద గేటులోంచి టార్పాలిను కట్టిన లారీ హారను కొట్టుకుంటూ రహదారి ఎక్కిపోతుంది. టార్పాలిను ఎత్తి బస్తాలు లెక్కపెట్టే మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నది యజమాని ఈ రాత్రే ఒకసారి వెళ్లి చూచుకోవచ్చును.